చట్టం తన పని తాను చేసుకుపోయిన చోట

ఆగ్నేయ యూరప్‌లోని బాల్కన్ దేశాల్లో పత్రికల పరిస్థితి గురించి ఎక్కడ చర్చ వచ్చినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "కమ్యూనిజం పోయింది గానీ ఆ అలవాట్లు పోలేదు." చెప్పడానికి సులువు, వినడానికి బాగుంటుంది. నాకు మాత్రం ఈ మాట ఎప్పుడూ మింగుడుపడలేదు. అలవాటే కారణమైతే ఏళ్లు గడిచేకొద్దీ అది పలచబడాలి కదా. పాత పార్టీ కార్యదర్శులు, సెన్సారు అధికారులు ఎప్పుడో రిటైరయ్యారు, చాలామంది పోయారు కూడా. ఇప్పుడు పగ్గాలు పట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది బెర్లిన్ గోడ కూలేనాటికి బడిలోనో కాలేజీలోనో ఉన్నారు. అయినా సెర్బియాలో 2014 కంటే 2024లో పత్రికలకి ఊపిరాడటం కష్టమైంది. బల్గేరియా యూరోపియన్ యూనియన్‌లో చేరాక దిగజారింది. బోస్నియాలో ఒక భాగం ఇరవై ఏళ్ల కిందట వదిలించుకున్న చట్టాన్ని మళ్లీ నెత్తికెత్తుకుంది. ఇదంతా ఆ తర్వాత నేర్చుకున్న విద్య అని నా వాదన. ఆ చదువులో మొదటి పాఠం 1998లో సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో జరిగింది.

అంతకుముందు ఎలా ఉండేదో చెప్పడానికి ఒకటి రెండు సంగతులు చాలు. చౌషెస్కు ఏలుబడిలోని రొమేనియాలో 1983లో ఒక డిక్రీ వచ్చింది. ఇంట్లో టైపు మిషను ఉంటే పోలీసుల దగ్గర రిజిస్టర్ చేయించాలి. ఏటా దాని అక్షరాల నమూనా కొట్టి అప్పజెప్పాలి. రేపెక్కడైనా కరపత్రం దొరికితే ఏ మిషను మీద కొట్టారో పట్టుకోవడానికన్నమాట. సెర్బియా, బోస్నియా, క్రొయేషియా, మాసిడోనియాలు అప్పట్లో భాగంగా ఉన్న యుగోస్లావియా వీళ్లకంటే మెత్తన అంటారు గానీ, అక్కడా శిక్షాస్మృతి 133వ అధికరణ కింద నోటిమాటకే జైలుకి పంపేవారు. ఆ కాలంలో ఎవరు అడ్డుపడుతున్నారో, దేనికి అడ్డుపడుతున్నారో అందరికీ తెలుసు. సెన్సారు ఆఫీసుకి బోర్డు ఉండేది. తిట్టుకోవాలంటే ఎవర్ని తిట్టుకోవాలో తెలిసేది.

1998 అక్టోబరులో, అప్పట్లో సెర్బియాని ఏలుతున్న స్లోబొదాన్ మిలోషెవిచ్ ప్రభుత్వం తెచ్చిన ప్రజా సమాచార చట్టం ఇంకా ఆ పాత బాణీలోదే. పత్రిక మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో విచారణ ముగించాలి. రాసింది నిజమని రుజువు చేసుకునే భారం పత్రికదే. జరిమానా కట్టలేకపోతే ఆస్తి జప్తు. ఆ చట్టం వచ్చేనాటికి సెర్బియా సమాచార శాఖ మంత్రి పేరు అలెక్సాందర్ వుచిచ్. అప్పటికి వయసు 28. ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ వస్తుంది.

చట్టానికి మొదటి వేటు స్లావ్కో చురువియా మీద పడింది. ఆయన 'ద్నెవ్ని తెలెగ్రాఫ్' అనే దినపత్రికకి, 'ఎవ్రోప్ల్యానిన్' అనే మేగజైనుకి యజమాని, సంపాదకుడు. మచ్చలేని తిరుగుబాటుదారు అని నేను చెప్పను. మిలోషెవిచ్ భార్య మీరా మార్కోవిచ్‌తో కూర్చుని మాట్లాడేంత పరిచయం ఉన్న మనిషి. ఆ పరిచయం 1998లో చెడింది. చట్టం ఆమోదం పొందడానికి ఒకరోజు ముందు "తర్వాతేమిటి, మిలోషెవిచ్?" అంటూ తన మేగజైనులో బహిరంగ లేఖ వేశాడు. దాన్ని కలిసి రాసిన అలెక్సాందర్ తిజానిచ్ ఒకప్పుడు అదే ప్రభుత్వంలో కొన్నాళ్లు సమాచార మంత్రి. మిలోషెవిచ్ గద్దె దిగాక ప్రభుత్వ టీవీకి అధిపతి కూడా అయ్యాడు. అక్కడ ఎవరు ఎటువైపో గీత గీసి చెప్పడం కష్టమని ఇక్కడే తెలుస్తుంది.

కొద్ది రోజుల్లోనే కేసు పెట్టారు, ఒక్కరోజులో తీర్పు వచ్చింది. జరిమానా 24 లక్షల దినార్లు. పోలీసులు వచ్చి ఆస్తులు పట్టుకుపోయారు. చురువియా పత్రికని మాంటెనెగ్రోలో రిజిస్టర్ చేయించి, అక్కడే అచ్చు వేయించి సెర్బియాలోకి తెప్పించాడు. 1999 మార్చిలో ఒక ఉప ప్రధాని మీద వేసిన వార్తకి అయిదు నెలల జైలుశిక్ష పడింది. అదే నెల 24న, కొసోవో యుద్ధంలో, సెర్బియా మీద నాటో బాంబులు మొదలయ్యాయి. యుద్ధకాల సెన్సారు కింద పేపరు వేయడం ఇష్టంలేక ఆయన ప్రచురణే ఆపేశాడు. ఏప్రిల్ 6న ఒక ప్రభుత్వ అనుకూల పత్రిక చురువియా బాంబుల కోసమే ఎదురు చూశాడని రాసింది. ఆ రాతని ప్రభుత్వ టీవీ రాత్రి వార్తల్లో చదివి వినిపించారు. ఏప్రిల్ 11, ఆర్థడాక్సు క్రైస్తవుల ఈస్టరు ఆదివారం. సాయంత్రం తన సహచరి, చరిత్రకారిణి బ్రాంకా ప్రపాతో కలిసి నడుచుకుంటూ ఇంటికి వస్తుంటే గుమ్మం దగ్గర వెనకనుంచి కాల్చి చంపారు. ఆమెని తుపాకీతో తలమీద కొట్టి పడేశారు.

ఆ రోజు కూడా రహస్య పోలీసులు ఆయన వెంటే ఉన్నారు. ఎక్కడికి వెళ్లాడు, ఎవరితో భోంచేశాడు, ఏ వీధిలో నడిచాడు, అన్నీ నిమిషాలతో సహా రాసుకున్నారు. హత్యకి కాస్త ముందు ఆ నిఘా బృందాన్ని వెనక్కి పిలిచారు. ఆ నిఘా కాగితాలు తర్వాత బయటపడ్డాయి. ఎవరైనా చదవొచ్చు. ఒక ప్రభుత్వ శాఖ తన చేతిరాతతో ఇంత వివరంగా ఆధారం రాసిపెట్టిన కేసులు ప్రపంచంలో ఎక్కువ ఉండవు.

ఇక న్యాయం సంగతి. 2000 అక్టోబరు 5న మిలోషెవిచ్ కూలిపోయాడు. చురువియా హత్య మీద ఆరోపణపత్రం దాఖలవడానికి ఇంకో పద్నాలుగేళ్లు పట్టింది. అదీ బీ92 రేడియో పెద్ద వెరాన్ మాతిచ్ నాయకత్వంలో 2013లో ప్రత్యేకంగా ఒక కమిషన్ వేశాక. 2019లో మొదటి తీర్పు వచ్చింది. రహస్య పోలీసు మాజీ అధిపతి రదోమిర్ మార్కోవిచ్‌తో కలిపి నలుగురికి మొత్తం వందేళ్ల జైలు. అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసి మళ్లీ విచారించమంది. 2021 డిసెంబరులో రెండోసారి కూడా అవే శిక్షలు. మళ్లీ అప్పీలు. 2024 ఫిబ్రవరి 2న అప్పీలు కోర్టు నలుగురినీ నిర్దోషులుగా వదిలేసిందని లోకానికి తెలిసింది. ఆ నిర్ణయం జరిగింది 2023 ఏప్రిల్‌లో! దాదాపు పది నెలలు బయటికి పొక్కలేదు. బయటికొచ్చేనాటికి 1998 నాటి సమాచార మంత్రి సెర్బియా అధ్యక్షుడిగా ఏడో ఏడు నడుస్తోంది.

ఆ తీర్పు వెనక వుచిచ్ ఉన్నాడని నేను అనడంలేదు. అలా అనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. నేను చెప్పేది వేరు. ఏ ఒక్కరూ ఫోన్ చేసి ఆజ్ఞాపించనక్కర్లేని పద్ధతి అక్కడ తయారైంది. పదిహేనేళ్లు ఆలస్యమైతే సాక్షులు మరిచిపోతారు, కొందరు పోతారు, ఒక నిందితుడు పరారీలోనే ఉంటాడు, చివరికి ఆధారాలు సరిపోవని రాసే జడ్జికి కలం సాఫీగా సాగుతుంది. మన నాయకులు ఏ కేసు గురించి అడిగినా చెప్పే మాటే: చట్టం తన పని తాను చేసుకుపోతుంది. చేసుకుపోయింది.

మిలోషెవిచ్ చట్టం నిజానికి విఫలమైంది. ఎందుకంటే అది అందరికీ కనపడింది. జరిమానా పడిన ప్రతి పత్రిక పేరూ ప్రపంచానికి తెలిసింది, ప్రతి తీర్పూ ఎవరు చేయించారో చిన్నపిల్లవాడు కూడా చెప్పగలిగాడు. తర్వాత వచ్చినవాళ్లు ఈ తప్పు చేయలేదు. 2012 చివర్లో సెర్బియా పరువునష్టాన్ని నేరాల జాబితాలోంచి తీసేసింది. 2014లో మూడు మీడియా చట్టాలు తెచ్చింది. కాగితం మీద అవి చక్కటి చట్టాలే. ప్రభుత్వం పత్రికల యాజమాన్యం నుంచి పూర్తిగా తప్పుకోవాలి, మీడియాకి ఇచ్చే డబ్బు ప్రజాప్రయోజనం ఉన్న ప్రాజెక్టులకి పోటీ పద్ధతిలో ఇవ్వాలి, స్వతంత్ర కమిషన్లు వాటిని ఎంపిక చేయాలి. యూరప్ నుంచి వచ్చిన నిపుణులు భుజం తట్టారు.

అమలు మొదలయ్యాక చూస్తే, అమ్మకానికి పెట్టిన ఊరూరి రేడియోల్నీ టీవీల్నీ అధికారపక్షానికి కావలసినవాళ్లు కొనుక్కున్నారు. ఒకే వ్యాపారి అరడజనుకు పైగా కొన్నాడు. ప్రాజెక్టు డబ్బు పంచే కమిషన్లలో ఎవరెవరు కూర్చోవాలో మున్సిపాలిటీ పెద్ద తేలుస్తాడు. జర్నలిస్టుల సొంత ప్రెస్ కౌన్సిల్ పదేపదే తప్పుపట్టిన టాబ్లాయిడ్‌లకి కూడా ఆ డబ్బు అందింది. 2023లో ఇంకో సవరణ చేసి, ప్రభుత్వ వాటా ఎక్కువున్న టెలికాం సంస్థ మీడియా సంస్థల్ని సొంతం చేసుకోవచ్చని రాసుకున్నారు. అంటే ముందు తలుపు గుండా బయటికెళ్లిన ప్రభుత్వం తొమ్మిదేళ్లకి దొడ్డిదారిన చట్టబద్ధంగా లోపలికొచ్చింది.

నేను కొన్నేళ్లు ఒక తెలుగు దినపత్రిక జిల్లా డెస్కులో పనిచేశాను. మండల విలేకరికి లైన్ అకౌంట్ (అచ్చయిన వార్త పొడవుని బట్టి ఇచ్చే డబ్బు) ఎంత వస్తుందో, జనవరి ఒకటికీ దసరాకీ అతను తేవాల్సిన యాడ్ల టార్గెట్ ఎంతో తెలిసినవాణ్ణి. మున్సిపల్ చైర్మన్ శుభాకాంక్షల యాడ్ ఇచ్చిన వారం ఆ ఊరి డ్రైనేజీ వార్త ఎంత పొడవు ఉంటుందో డెస్కులో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. సింగిల్ కాలమ్. అందుకే సెర్బియా కథలో ఆ హత్య తర్వాత నన్ను ఎక్కువగా పట్టుకున్నది చిన్న ఊళ్ల పత్రికల సంగతి. పెద్ద నగరంలో ఎడిటర్ని అరెస్టు చేస్తే రాయబారులు మాట్లాడతారు. ఊళ్లో పేపరు మూతపడితే అడిగేవాడు ఉండడు.

వ్రాన్యే అనేది సెర్బియా దక్షిణ కొసన ఉన్న పట్టణం. అక్కడ 1994 నుంచి 'వ్రాన్యస్కే' అనే వారపత్రిక వచ్చేది. దాని ఎడిటర్ వుకాషిన్ ఒబ్రదోవిచ్ స్వతంత్ర జర్నలిస్టుల సంఘానికి అధ్యక్షుడిగా కూడా పనిచేసినవాడు. మిలోషెవిచ్ కాలాన్ని ఆ పత్రిక తట్టుకుంది. యుద్ధాన్ని తట్టుకుంది. తట్టుకోలేనిది పన్ను తనిఖీల్ని. ఒక తనిఖీ అయిపోయిందనుకునేలోపు ఇంకోటి మొదలయ్యేది. రసీదులు, ఫైళ్లు, పాత ఏళ్ల లెక్కలు తీయాలి, ఉన్న నలుగురు ఉద్యోగులూ వార్తలు వదిలేసి వాటి వెంట పడాలి. 2017లో ఆ ఊరి పన్నుల కార్యాలయంలో పనిచేసిన మాజీ అధికారి ఒకరు అక్కడి లోగుట్టు చెప్పిన ఇంటర్వ్యూని పత్రిక వేసింది. తర్వాత ఏమైందో ఊహించుకోవచ్చు, తనిఖీ వాళ్లు మళ్లీ వచ్చారు. ఆ సెప్టెంబరులో ఒబ్రదోవిచ్ పత్రిక మూసేస్తున్నట్టు ప్రకటించి నిరాహార దీక్షకి కూర్చున్నాడు. ఒంట్లో బాగోక కొద్దిరోజులకే విరమించాల్సి వచ్చింది. నెలాఖరున సెర్బియాలో చాలా పత్రికలు, వెబ్‌సైట్లు తమ పేజీల్ని నల్లగా వదిలేసి నిరసన తెలిపాయి. మర్నాడు ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. వ్రాన్యస్కే మళ్లీ పాత రూపంలో రాలేదు.

ఈ వ్యవహారంలో పత్రికా స్వేచ్ఛ చట్టం ఎక్కడ అతిక్రమించారో చూపించండి చూద్దాం. తనిఖీ చేసే హక్కు పన్ను శాఖకి ఉంది. యాడ్ ఎవరికివ్వాలో నిర్ణయించుకునే హక్కు యాడ్ ఇచ్చేవాడిది. దీక్షకి కూర్చోమని ఎవరూ చెప్పలేదు. ఒక్క కాగితం మీద కూడా 'నిషేధం' అన్న మాట లేదు.

ఇక్కడ ఎవరైనా నిలదీయొచ్చు: మరి ఎడిటర్లు పన్ను కట్టక్కర్లేదా? న్యాయమైన ప్రశ్నే. దీనికి నేను తప్పించుకోకుండా జవాబు చెప్పాలంటే పక్కనున్న మాసిడోనియాకి (2019 నుంచి దాని పేరు ఉత్తర మాసిడోనియా) వెళ్లాలి. అక్కడ ఏ1 టీవీ ఒకప్పుడు దేశంలో అందరికంటే ఎక్కువమంది చూసే ఛానల్. యజమాని వెలియా రామ్‌కోవ్‌స్కీ మొదట ప్రధాని నికోలా గ్రుయెవ్‌స్కీని మోశాడు, తర్వాత చెడింది. 2010 డిసెంబరులో అరెస్టు. 2011 వేసవికి ఛానల్, దాంతోపాటు అదే గూటి మూడు దినపత్రికలు మూతపడ్డాయి. పన్ను ఎగవేత తదితర నేరాలకి 2012లో 13 ఏళ్ల జైలు. రామ్‌కోవ్‌స్కీ సత్యహరిశ్చంద్రుడని ఆ దేశంలో ఎవరూ నమ్మరు, నేనూ నమ్మను. కేసులో పస ఉండి ఉండొచ్చు. కానీ ప్రభుత్వ భజన చేసిన రోజుల్లో ఆ లెక్కలు ఎవరికీ కనపడలేదేం? ప్రధానికి అనుకూలంగా మిగిలిన ఛానళ్ల పుస్తకాలు ఎవరూ తెరవలేదేం? పైగా అవే రోజుల్లో మాసిడోనియా ప్రభుత్వం దేశంలోని అతిపెద్ద యాడ్ ఖాతాదారుల్లో ఒకటి. తప్పు చేసిన పదిమందిలో తిట్టినవాణ్ణే పట్టుకునే వెసులుబాటు ఉంటే, చట్టంలో అక్షరం మార్చనక్కర్లేదు. ఇంకా చెప్పాలంటే అందరూ కాస్తో కూస్తో తప్పులో ఉండటమే అలాంటి ప్రభుత్వానికి కావలసింది.

ఆ పద్ధతి లోపలినుంచి ఎలా ఉంటుందో 2015లో మాసిడోనియా జనం చెవులారా విన్నారు. ప్రతిపక్ష నేత జోరాన్ జాయెవ్ ఫిబ్రవరి నుంచి ఫోన్ ట్యాపింగ్ రికార్డింగులు విడతలవారీగా బయటపెట్టాడు. 20 లక్షల జనాభా ఉన్న దేశంలో 20 వేలమందికి పైగా ఫోన్లు విన్నారన్నది ఆరోపణ. వందకి పైగా జర్నలిస్టులు అందులో ఉన్నారు. తమ సంభాషణల కాగితాలున్న ఫోల్డర్లని వాళ్ల చేతికిచ్చారు. భర్తతో, డాక్టరుతో, ఆఫీసులో మాట్లాడుకున్నవన్నీ. టేపుల్లో ఉన్నతాధికారులూ ఎడిటర్లూ ఏ వార్త ఎలా వెయ్యాలో మాట్లాడుకోవడం కూడా వినపడింది. గొంతుల్లో బెదిరింపు కూడా పెద్దగా లేదు, రోజువారీ పని మాట్లాడుకుంటున్నట్టే ఉంది. గ్రుయెవ్‌స్కీ 2018 నవంబరులో జైలుకి వెళ్లాల్సిన సమయానికి హంగరీకి పారిపోయి ఆశ్రయం పొందాడు. ఈ టేపుల కేసుల కోసం ఏర్పాటైన ప్రత్యేక ప్రాసిక్యూటర్ కతిత్సా యానెవా అంతటి పేరు తెచ్చుకుని, చివరికి ఇంకో కేసులో తనే 2020లో ఏడేళ్ల శిక్షకి గురైంది. ఏం చెబుతాం.

"యూరోపియన్ యూనియన్‌లో చేరితే ఇవన్నీ సర్దుకుంటాయి" అనేవాళ్ల నోరు మూయించడానికి బల్గేరియా ఉంది. 2007లో చేరింది. 2018కి రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే సంస్థ వేసే పత్రికా స్వేచ్ఛ జాబితాలో 180 దేశాల్లో 111వ స్థానం, యూనియన్ మొత్తానికి అట్టడుగు. అక్కడ దెల్యాన్ పెయెవ్‌స్కీ అనే పార్లమెంటు సభ్యుడు, ఆయన కుటుంబం చుట్టూ పత్రికలు, పంపిణీ సంస్థలు పోగయ్యాయి. కొనడానికి అప్పులు ఎక్కువగా వచ్చింది కార్పొరేట్ కమర్షియల్ బ్యాంకు నుంచి. ఆ బ్యాంకులో దండిగా డిపాజిట్లు పెట్టింది ప్రభుత్వ సంస్థలు. గొలుసు ఎలా తిరిగిందో చూశారుగా: ప్రజల సొమ్ము బ్యాంకుకి, బ్యాంకు అప్పు పత్రికకి, పత్రిక పొగడ్త ప్రభుత్వానికి. 2013 జూన్ 14న ఇదే పెయెవ్‌స్కీని జాతీయ భద్రతా సంస్థకి అధిపతిగా పార్లమెంటు చర్చ కూడా లేకుండా ఎన్నుకుంది. ఆ సాయంత్రమే రాజధాని సోఫియా వీధులు నిండిపోయాయి, ఆయన తప్పుకున్నాడు. 2014లో బ్యాంకు యజమానితో ఆయనకి చెడింది, జనం డబ్బు తీసుకోవడానికి ఎగబడ్డారు, బ్యాంకు కూలింది. 2021లో అమెరికా అవినీతి ఆరోపణల మీద ఆయనపై ఆంక్షలు పెట్టింది. ఇప్పటికీ ఆయన బల్గేరియా రాజకీయాల్లో పెద్ద నాయకుడే. ఇదంతా యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్ కళ్లముందే జరిగింది.

పరువునష్టం దావాల సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకెళతాను, ఎందుకంటే ఈ ఆయుధం అన్ని దేశాల్లో ఒకేలా పనిచేస్తుంది. క్రొయేషియాలో జర్నలిస్టుల సంఘం 2019లో లెక్కేస్తే వెయ్యికి పైగా కేసులు నడుస్తున్నాయి. అందులో ప్రభుత్వ టీవీ సొంత జర్నలిస్టుల మీద వేసినవి కూడా ఉన్నాయి. బెల్‌గ్రేడ్‌లో క్రిక్ అనే చిన్న పరిశోధనా సంస్థ మీద ఒక దశలో డజనుకు పైగా కేసులున్నాయి. వాటిలో ఒకటి అప్పీలు కోర్టు జడ్జి ఒకరు, న్యాయవాది అయిన ఆమె భర్త వేసినది. జడ్జీల ఆస్తుల వివరాలు డేటాబేసులో పెట్టినందుకు జర్నలిస్టుల్ని జైల్లో పెట్టాలని, వృత్తిలోంచి నిషేధించాలని అడిగారు. గెలవడం ఇక్కడ ముఖ్యం కాదు. వాయిదాకి వెళ్లిన రోజున రిపోర్టరు రాయడు.

బోస్నియా కథ మాత్రం వేరుగా చెప్పుకోవాలి. యుద్ధం తర్వాత అక్కడ అంతర్జాతీయ ప్రతినిధి 1999లోనే పరువునష్టానికి జైలుశిక్ష రద్దు చేశాడు. ఆ ప్రాంతంలో అదే మొదటిది. మన దగ్గర పరువునష్టం ఇప్పటికీ నేరమే, 2016లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది కూడా. కాబట్టి ఈ ఒక్క విషయంలో యుద్ధంలో చితికిన ఆ చిన్న దేశం మనకంటే చాలా ముందు నడిచింది. అదే 1999 అక్టోబరులో ఆ దేశంలోని బన్యా లూకా నగరంలో జెల్కో కొపాన్యా అనే ఎడిటర్ కారు స్టార్ట్ చేయగానే బాంబు పేలి రెండు కాళ్లూ పోయాయి. సెర్బు బలగాలు ముస్లింల మీద చేసిన యుద్ధనేరాల గురించి, తానూ సెర్బే అయ్యుండి, తన పత్రికలో రాయించినందుకు. చేసినవాళ్లకి శిక్ష పడలేదు. కొపాన్యా కృత్రిమ కాళ్లతో మళ్లీ ఆఫీసుకొచ్చాడు. సరిగ్గా ఆ బన్యా లూకాలోనే, బోస్నియాలో సెర్బులు ఎక్కువున్న భాగమైన రిపబ్లికా సర్ప్‌స్కా అసెంబ్లీ 2023 జులైలో పరువునష్టాన్ని మళ్లీ నేరం చేసింది. మొదట ప్రతిపాదించిన భారీ జరిమానాల్ని బాగా తగ్గించారు గానీ, ఊళ్లో వెబ్‌సైటు నడుపుకునేవాడికి జరిమానా మొత్తం కంటే నేరస్థుడన్న ముద్రే పెద్ద భయం.

ఇంతదాకా చదివాక చట్టాలతో ఏ ఉపయోగమూ లేదని నేనంటున్నట్టు అనిపించొచ్చు. అలా అనను. 2012 డిసెంబరు 24న మాసిడోనియా పార్లమెంటులో బడ్జెట్ గొడవ జరుగుతుంటే గ్యాలరీలోంచి జర్నలిస్టుల్ని సిబ్బంది లాగి బయటపడేశారు. ఆరుగురు కోర్టుకెళ్లారు. సొంత దేశంలో రాజ్యాంగ న్యాయస్థానం కూడా కాదంది. స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2017 ఫిబ్రవరిలో వాళ్లదే న్యాయమని తేల్చింది. ఆ తీర్పు ఈరోజు ఆ కోర్టు పరిధిలోని ఏ దేశపు వకీలైనా వాడుకోవచ్చు. అయితే గ్యాలరీలోంచి గెంటిన సంఘటనకి తేదీ ఉంది, వీడియో ఉంది, గెంటిన చేయి ఉంది. కోర్టుకి అలాంటివి కావాలి. యాడ్ రాకపోవడానికి వీడియో ఎక్కడినుంచి తెస్తాం?

రొమేనియాలో ఇంకో దారి కనపడింది. 2015 అక్టోబరు 30న బుకారెస్ట్‌లో కొలెక్టివ్ అనే క్లబ్బులో మంటలు లేచాయి. 64 మంది చనిపోయారు. అందులో సగానికి పైగా ఆ రాత్రి కాదు, తర్వాత ఆస్పత్రుల్లో. ఎందుకలా పోతున్నారని తవ్వింది ఏ రాజకీయ దినపత్రికో కాదు, 'గజెటా స్పోర్తురిలోర్' అనే క్రీడల పేపరు. ఎడిటర్ కాతలిన్ తొలొంతాన్ బృందం ఆస్పత్రులకి అమ్మిన క్రిమిసంహారకాల్లో నీళ్లు కలిపారని 2016లో బయటపెట్టింది. ఆరోగ్యమంత్రి రాజీనామా చేశాడు. క్రీడల పేపరే ఎందుకు చేయగలిగింది? నా ఊహ చెబుతాను: దాని ఆదాయం మంత్రుల దయమీద ఆధారపడలేదు, ఫుట్‌బాల్ స్కోర్ల కోసం కొనేవాళ్ల మీద ఆధారపడింది. రాజకీయ వార్తల ఛానళ్లకి ఆ సుఖం లేదు. తర్వాతి ఏళ్లలో రొమేనియా పార్టీలు తమకొచ్చే ప్రభుత్వ గ్రాంటులోంచే ఛానళ్లకీ వెబ్‌సైట్లకీ డబ్బు చెల్లించడం మొదలుపెట్టాయి. అదీ చట్టబద్ధమే.

మళ్లీ సెర్బియాకి వస్తాను, ఎందుకంటే ఈ పాఠాన్ని పాలకులే కాదు, ఎదుటివాళ్లూ నేర్చుకుంటున్నారని అక్కడే తెలిసింది. 2024 నవంబరు 1న నోవి సాద్ రైల్వే స్టేషన్ ముందున్న కాంక్రీటు పందిరి కూలి 14 మంది అక్కడికక్కడే పోయారు, తర్వాత ఆ సంఖ్య 16కి చేరింది. అంతకు కొన్ని నెలల ముందే మరమ్మతులు చేసి ఆర్భాటంగా తెరిచిన స్టేషన్ అది. విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులు తరగతులు ఆపేశారు, జనవరిలో ప్రధాని రాజీనామా ప్రకటించాడు. అంతకుముందు, 2024 డిసెంబరులో, ఆమ్నెస్టీ అనే మానవ హక్కుల సంస్థ ఇంకో సంగతి బయటపెట్టింది. పోలీసులు స్టేషనుకి తీసుకెళ్లిన ఒక జర్నలిస్టు ఫోనులోకి, అతను లోపల మాట్లాడుతుండగానే నిఘా సాఫ్ట్‌వేర్ ఎక్కించారని. 2025 ఆగస్టులో, ప్రభుత్వాన్ని విమర్శించే ఎన్1 ఛానల్‌ని నడిపే గ్రూపు పెద్దకీ, ప్రభుత్వ టెలికాం అధిపతికీ మధ్య ఫోన్ సంభాషణని పరిశోధనా జర్నలిస్టులు ప్రచురించారు. అందులో ఆ ఛానళ్ల డైరెక్టర్‌ని తప్పించడం గురించిన మాటలున్నాయి.

2000 అక్టోబరులో బెల్‌గ్రేడ్ జనం కోపం పట్టలేక ప్రభుత్వ టీవీ భవనానికి నిప్పు పెట్టారు. 2025 ఏప్రిల్‌లో విద్యార్థులు అదే సంస్థని రెండు వారాలపాటు దిగ్బంధించారు. ఒక్క కిటికీ పగలగొట్టలేదు. వాళ్ల డిమాండ్ చదివి నేను కాస్త ఆశ్చర్యపోయాను. మమ్మల్ని టీవీలో చూపించండి అని కాదు వాళ్లడిగింది. రెమ్ అనే ప్రసార నియంత్రణ మండలికి సభ్యుల్ని ఎంపిక చేసే ప్రక్రియ నిబంధనల ప్రకారం లేదు, రద్దు చేసి మళ్లీ మొదలుపెట్టండి అని. ఇరవై ఏళ్ల పిల్లలు ఏప్రిల్ చలిలో రోడ్డుమీద పడుకున్నది ఒక నియామక నోటిఫికేషన్ కోసం. ఎందుకంటే 2022లో నాలుగు జాతీయ ఫ్రీక్వెన్సీలని మళ్లీ అవే నాలుగు ప్రభుత్వానుకూల ఛానళ్లకి కట్టబెట్టింది ఆ రెమ్మే. ఐదోదాన్ని అదే ఏడు ప్రకటించి, ఎవరికిస్తున్నామో చెప్పకుండా నాన్చింది కూడా అదే.

పార్లమెంటు కమిటీ దిగొచ్చి ఎంపికకి కొత్తగా ప్రకటన ఇచ్చింది. విద్యార్థులు రోడ్డు ఖాళీ చేశారు. ఆ తర్వాత అభ్యర్థుల్ని ప్రతిపాదించే సంఘాల్లో ఏవి అసలైనవి, ఏవి పేరుకి పెట్టినవి అన్న పేచీ మొదలైంది.